రెండు మిల్లీమీటర్ల అంచు: తొమ్మిదేళ్లు వాడాక ఒక లగ్జరీ బ్యాగు సంగతి

ఈ బ్యాగులో అందరూ తిట్టేది నాకు నచ్చింది, అందరూ మెచ్చుకునేది నన్ను ముంచింది. తొమ్మిదేళ్లు వాడాక కూడా అభిప్రాయం మారలేదు కాబట్టి రాసేస్తున్నా. ఏ ఫ్యాషన్ హౌస్‌దో, అంటే ఏ కంపెనీదో, చెప్పను. అచ్చు వేసిన పూత కాన్వాస్‌కి తోలు హ్యాండిళ్లు కుట్టి అమ్మే పెద్ద పేర్లు చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటి అనుకోండి. కొలతలెంత, జేబులెన్ని అన్నవి వాళ్ల సైట్‌లోనే ఉంటాయి, ఇక్కడ రాయను. నా గొడవంతా హ్యాండిల్ అంచు దగ్గరే.

ముందు నచ్చిన సంగతి. కొన్న కొత్తలో మా చెల్లెలు వేలితో తట్టి చూసి, "ఇంత డబ్బు పోసి ప్లాస్టిక్ కొన్నావేంటక్కా?" అంది. నిజమే, ప్లాస్టిక్కే. నూలు గుడ్డ మీద పీవీసీ పూత. లగ్జరీ అంటే తోలే అనుకునేవాళ్లకి ఇది పెద్ద మోసంలా కనిపిస్తుంది. కానీ ఈ పూత గుడ్డ తోలుకి చౌక బదులుగా పుట్టింది కాదు. బండ్ల మీద, ఓడల మీద వెళ్లే ట్రంకు పెట్టెలు వానకి తడవకూడదని వేసిన తొడుగులోంచి వచ్చింది. పారిస్‌లో పెట్టెలు చేసి అమ్మిన లూయీ వీతాన్ 1858లోనే బూడిద రంగు కాన్వాస్ తొడిగిన చదునుమూత ట్రంకులు చేశాడు. ఆ తర్వాత అందరూ కాపీ కొడుతుంటే ఆయన కొడుకు జార్జ్ 1896లో మోనోగ్రామ్ అచ్చు, అంటే పేరులోని అక్షరాలు అల్లిన అచ్చు, తెచ్చాడు. కాపీలు ఆపడానికి వేసిన ఆ అచ్చే ఇవాళ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా కాపీ అవుతున్న వాటిలో ఒకటి, అది వేరే కథ.

నా కాన్వాస్ పడ్డ పాట్లు ఇవీ: లెక్కలేనన్ని వానలు, బ్యాగులోనే కారిపోయిన ఒక పెన్ను, బస్సు సీటు కింద నుంచి లాగినప్పుడు తగిలిన ఒక మేకు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. మేకు గీత ఎక్కడుందో ఇప్పుడు వెతికినా దొరకదు, అచ్చులో కలిసిపోయింది. లోగో లేని బ్యాగు పట్టుకోవడమే అసలైన అభిరుచి అని చాలామంది అంటారు. నాకేమో ఈ బిజీ అచ్చే వరంలా ఉంది. సాదా తోలు మీద గోరు తగిలినా ఏడాది పొడవునా కనిపిస్తుంది. ఈ గళ్లూ గుర్తులూ మరకల్ని దాచేస్తాయి. ఎదుటివాళ్లకి చూపించడానికి లోగో వేశారంటారు గానీ, నాకు మాత్రం అది దాచిపెట్టడానికి పనికొచ్చింది.

ఇక హ్యాండిళ్లు. మొదటి ఏడాది వీటిని నేనే పొగిడాను. ఎవరడిగినా చేతికిచ్చి పట్టుకుని చూడమనేదాన్ని. నున్నటి ముదురు రంగు తోలు, గుండ్రంగా, అరచేతిలో ఇమిడిపోయేది. రెండు తోలు ముక్కలు కలిసిన చోట అంచు వెంబడి నిగనిగలాడే నల్లటి గీత, గాజు పూసినట్టు ఉండేది. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదేమో. పనితనమంతా ఆ గీతలోనే ఉందని షోరూములో చెప్పారు. నేనూ నమ్మాను, నలుగురికీ చెప్పాను.

ఆరో ఏట ఒక మీటింగుకి వెళ్లాను. తెల్ల చొక్కా, మోచేతికి ఈ బ్యాగు. వేరే ఆఫీసు నుంచి వచ్చిన పెద్దావిడ చెయ్యి చాపితే బ్యాగు దింపి చెయ్యి కలిపాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని అరచేతిలోకి చూసుకుంది. అడ్డంగా ఒక నల్లటి గీత. నా అరచేతిలో చూస్తే అలాంటివే రెండు. ఆవిడ ఏమీ అనలేదు, టిష్యూ తీసి తుడుచుకుంది. టిష్యూ అరచేతికే అతుక్కుపోయి చిన్న చిన్న తెల్ల పీలికలుగా మిగిలింది. ఆ అరగంట మీటింగులో ఎవరేం మాట్లాడారో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆవిడ టేబుల్ కింద ఆ పీలికలు గిల్లుకుంటూ కూర్చోవడం మాత్రం గుర్తుంది.

బస్సులో ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్ అనుకున్నాను ముందు. ఇంటికొచ్చి లైటు కింద పెట్టి చూస్తే, అది హ్యాండిల్ అంచే. నిగనిగలాడే ఆ గీత మెత్తబడి బెల్లం పాకంలా అయ్యింది. వేలు పెట్టి లాగితే తీగ సాగుతోంది. బొటనవేలితో రుద్దితే రబ్బరు పొట్టులా ఉండలు ఉండలుగా ఊడి వస్తోంది. చొక్కా చెయ్యి లోపలివైపు, మోచేతి దగ్గర, ఒక నల్ల చార. ఉతికితే పోలేదు.

తర్వాతి వారమంతా ప్రయోగాలు. ఫ్రిజ్‌లో పెట్టమన్నవాళ్లు ఉన్నారు, వెనిగర్ రాయమన్నవాళ్లు ఉన్నారు. నేను టాల్కమ్ పౌడర్ అద్దాను. రెండు రోజులు పొడిగా, హాయిగా ఉంది. మూడో రోజుకి పౌడరు, జిగురు కలిసి బూడిద రంగు పిండి ముద్ద అయ్యింది. ఇక లాభం లేదని షోరూముకి బయల్దేరాను.

ఇక్కడ కొనుగోలు అనుభవం గురించి కూడా చెప్పాలి. బయట తాడు కట్టి క్యూలో నిలబెడతారని చాలామందికి కోపం. నాకు ఆ కోపం లేదు. లోపలికి వెళ్లాక ఒక మనిషి మనకోసమే ఉంటారు, తోపులాట ఉండదు, ఆ మాత్రానికి పావుగంట నిలబడటం నాకు ఇబ్బంది కాదు. సోఫా, మంచినీళ్లు, వెల్వెట్ ట్రే, అంతా బాగుంది. నాకు నచ్చనిది వేరే. కొన్న రోజున బ్యాగు నిండా ముడతలు పెట్టిన కాగితం కుక్కి, నిండు గర్భిణిలా చూపించారు. నేను కాగితం తీసేసి నా ల్యాప్‌టాప్, గొడుగు, నీళ్ల సీసా పెట్టి చూస్తానన్నాను. తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఆ అమ్మాయి మొహం మారిపోయింది. "ముందు అద్దంలో చూసుకోండి మేడమ్" అంది. అద్దంలో బ్యాగు ఎలా ఉందో తెలుస్తుంది గానీ, ఎంత బరువు మోస్తుందో ఎలా తెలుస్తుంది? అయినా మొహమాటపడి కాగితం నిండిన బ్యాగునే కొన్నాను. తప్పు నాదే.

ఆరేళ్ల తర్వాత వెళ్తే మనిషి మారింది, గ్లవ్స్ మారలేదు. అప్పుడు చేతుల నుంచి బ్యాగుని కాపాడటానికి వేసుకున్నారు, ఇప్పుడు బ్యాగు నుంచి తన చేతుల్ని కాపాడుకుంటోంది. రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టి, "ఇది వాడకం వల్ల మామూలుగా వచ్చేదే మేడమ్" అంది.

"వాడటానికే కదండీ కొన్నాను."

"చాలామంది కస్టమర్లు ఇలాంటివి రోజూ వాడరు మేడమ్."

మర్యాదగానే అంది, వెటకారం ఏమీ లేదు. నిజమే చెప్పింది పాపం. నాకు మాత్రం ఆ ఒక్క మాట బ్యాగు మొత్తాన్ని విప్పి చూపించినట్టు అయ్యింది. అద్దం ముందు నిలబెట్టడం ఎందుకో, కాగితం కుక్కడం ఎందుకో, హ్యాండిళ్లు భుజానికి ఎక్కనంత పొట్టిగా ఎందుకున్నాయో, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి.

కొన్ని పాత డిజైన్లు ఇలా పుట్టలేదని తెలిసి ఇంకా కడుపు మండుతుంది. బ్యాగు చేత్తో మోసి మోసి విసుగొచ్చిన ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ 1955 ఫిబ్రవరిలో గొలుసు పెట్టి భుజానికి తగిలించింది, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని. దాని పేరు 2.55 అవ్వడానికి కారణం ఆ నెలా ఆ ఏడాదే. విమానంలో పక్క సీటులో కూర్చున్న లగ్జరీ బ్యాగుల కంపెనీ ఎర్మెస్ అధిపతి జాన్-లూయీ డ్యూమాతో నటి, గాయని జేన్ బిర్కిన్ తనకి సామాను పట్టే బ్యాగే దొరకడం లేదని వాపోతే పుట్టింది బిర్కిన్. ఆమె సొంత బ్యాగుకి విడదీయరాని భుజం పట్టీ ఉంది, తర్వాత అమ్మకానికి చేసిన వాటికి అది లేదు. ఆమె దాని మీద స్టిక్కర్లు అంటించి, గోళ్లు కత్తిరించుకునే క్లిప్పర్ వేలాడదీసి, గోనెసంచిలా వాడింది. ఆ వాడేసిన బ్యాగే 2025 జులైలో పారిస్ వేలంలో ఫీజులతో కలిపి దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. రోజూ వాడకూడదని ఆవిడకెవరూ చెప్పలేదు కాబోలు.

సరే, నా కథకి వస్తా. షోరూములో నేను లేవకుండా కూర్చునేసరికి వెనక గదిలో రిపేర్లు చూసే ఆయన్ని పిలిచారు. ఈ తొమ్మిదేళ్లలో ఆ హౌస్ తరఫున నాకు దొరికిన ఒకే ఒక్క నిజమైన సర్వీస్ ఆ పదిహేను నిమిషాలు. గ్లవ్స్ లేవు. కంటికి భూతద్దం తగిలించుకుని, హ్యాండిల్ మీద ఉత్త వేలు పెట్టి నొక్కి, వాసన చూశాడు. "తోలుకి ఏం కాలేదు. కుట్టు చూడండి, ఒక్క పోగు కదల్లేదు. పోయింది పూత ఒక్కటే" అన్నాడు.

తర్వాత అడిగాడు, "బ్యాగు ఎక్కడ పెడతారు?"

"మీరిచ్చిన గుడ్డ సంచిలోనే, డబ్బాలో పెట్టి, బీరువాలో."

ఆయన నవ్వాడు. "వానలో తడిసొచ్చిన రోజు కూడానా?"

అవును, తుడిచి అందులోనే పెట్టేదాన్ని. జాగ్రత్త అనుకుని చేసిందే.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి చెబుతా. తోలు అంచుని ముగించడానికి ముఖ్యంగా మూడు దారులు. ఒకటి, అంచుని లోపలికి మడిచి కుట్టేయడం. రెండు, గరుకు కాగితంతో రుద్ది, రంగేసి, మైనం పట్టించి మెరుగు పెట్టడం. చెట్టు బెరడు కషాయంతో పదును చేసిన గట్టి తోలుకి ఇది బాగా కుదురుతుంది, ఓపిక కావాలి. మూడు, రంగుపూత పొరలు పొరలుగా వేసి ఆరబెట్టడం. క్రోమ్ (క్రోమియం లవణాలు)తో పదును చేసిన మెత్తటి తోలు మైనానికి సరిగా లొంగదు, అందుకే దానికి ఎక్కువగా ఈ పూతే. ఈ పూతల్లో చాలావాటిలో పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ ఉంటుంది. గాలిలోని తేమ నెమ్మదిగా దాని అణువుల గొలుసుల్ని తెంచేస్తుంది, అప్పుడది జిగురవుతుంది, లేదా పొడిపొడి అవుతుంది. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న స్పోర్ట్స్ షూ తొడుక్కోగానే అడుగు బిస్కట్‌లా విరిగిపోతుంది చూడండి, అదే జబ్బు. వాడకపోయినా వస్తుంది. గాలాడకుండా తేమతో సహా మూసిపెడితే ఇంకా త్వరగా వస్తుంది. అంటే "వాడకం వల్ల" అన్నది కూడా పూర్తిగా నిజం కాదు.

అందరికీ కనిపించేలా ఉన్న ప్లాస్టిక్ తొమ్మిదేళ్లు నిలబడింది. తోలు పేరు చెప్పి దాని అంచున దాచిన ప్లాస్టిక్ ఆరేళ్లకే కరిగింది. నాకు ప్లాస్టిక్ మీద పగ లేదు. ఈ పూత ఇన్నేళ్లే ఉంటుంది, గాలికి ఉంచండి అని కొన్న రోజున ఒక్క ముక్క చెప్పి ఉంటే నా చొక్కా మిగిలేది.

హ్యాండిళ్లు మార్చడం కుదరదన్నారు, ఆ రంగు తోలు ఇప్పుడు రావడం లేదట. పాత పూత గీకేసి కొత్తది వేయడానికి మూడు నెలలు తీసుకున్నారు. డబ్బూ తీసుకున్నారు, బాగానే తీసుకున్నారు. పని మాత్రం శుభ్రంగా చేశారు. కొత్త అంచు పాతదానికంటే కొంచెం ఎక్కువ మెరుస్తుంది, పట్టి చూస్తే తప్ప తెలియదు.

కాన్వాస్‌ని మరీ ఎత్తేశానేమో, ఒకటి చెప్పాలి. పైభాగం మడతపడే చోట ఏడో ఏట సన్నటి పగులు వచ్చింది. గోరు పెడితే తగులుతుంది. ఇంకా పెరగలేదు, కానీ పూత కాన్వాస్ పగిలితే అతకడం కష్టమని రిపేరు ఆయనే అన్నాడు. వాన పడ్డా చింత లేదు అని నేను చెప్పేది ఆ పగులు వరకే.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. నేను రోజూ రెండు బస్సులు మారతాను, ల్యాప్‌టాప్ మోస్తాను, అరచేతులు చెమట పడతాయి. కారులో వెళ్లి నెలకి రెండుసార్లు పట్టుకునేవాళ్లకి నా గోల సగం వర్తించదు, బీరువా సంగతి మాత్రం ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పొడి గాలి ఉండే చోట ఉండేవాళ్లకి ఈ జిగురు సంగతే తెలియకపోవచ్చు. మళ్లీ కొనాల్సి వస్తే నేనైతే ఇదే కాన్వాస్, మడిచి కుట్టిన అంచు, భుజానికి ఎక్కే పట్టీ ఉన్నది చూస్తా, అదీ ఎవరో నాలుగైదేళ్లు వాడేసినది. చెడిపోయేది ఏదన్నా ఉంటే అప్పటికే చెడిపోయి కనిపిస్తుంది కదా. కొత్తదైతే కాగితం బయటికి తీయించి నా సామాను పెట్టి చూశాకే. ఈసారి మొహమాటపడను అనుకుంటున్నా, ఆ సోఫాలో కూర్చున్నాక ఏమవుతుందో మరి.

ఇప్పుడు బ్యాగు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. మెత్తటి గుడ్డ సంచిలో ఛార్జర్ వైర్లు పడేశాను. పొద్దున బయల్దేరే ముందు బొటనవేలితో హ్యాండిల్ అంచు ఒకసారి రుద్ది చూసుకోవడం అలవాటైపోయింది. ఈ ఉదయానికి పొడిగానే ఉంది.