విశ్వాన్ని తూచాలంటే ఏది మేలు: గెలాక్సీల లెక్కా, వీక్ లెన్సింగా?

శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లను మిద్దె మీద నిలబడి చూస్తూ పెరిగిన పిల్లలు, నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి వచ్చాక ప్రాజెక్టు కూడా ఆకాశం మీదే చేస్తామంటారు. పాఠం చెప్పే వాడిగా నాకు అంతకన్నా సంతోషం ఏముంటుంది? వాళ్లలో కొందరికి విశ్వం మొత్తం అమరిక మీద మనసు పడుతుంది. గెలాక్సీలు దారాల్లా, గోడల్లా అల్లుకుని మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వదిలిన అమరిక అది. అప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్న: "సార్, రెడ్‌షిఫ్ట్ సర్వే డేటా తీసుకోమంటారా, వీక్ లెన్సింగ్ డేటానా?" మొదటిది గెలాక్సీల దూరాలు కొలిచి పటం గీస్తుంది, రెండోది దారిలో ఉన్న బరువు కాంతిని వంచడం వల్ల గెలాక్సీల రూపాలు కాస్త సాగిన తీరును కొలుస్తుంది. రెండు రకాల డేటా కూడా ఇంట్లో కూర్చుని ఉచితంగా దించుకోవచ్చు. కాబట్టి దేనితో ఏం తెలుస్తుంది, ఏది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నదే చూసుకోవాలి.

రెడ్‌షిఫ్ట్ దారి సూటిగా ఉంటుంది. ఒక్కో గెలాక్సీ కాంతిని వర్ణపటంగా విడదీసి, గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో కొలిస్తే దూరం తెలుస్తుంది. అలా లక్షల గెలాక్సీలకు చేస్తే మూడు కొలతల పటం తయారవుతుంది. అమెరికాలో ఆరిజోనాలోని కిట్ పీక్ మీద 4 మీటర్ల మేయాల్ టెలిస్కోప్‌కి బిగించిన డెసీ పరికరం 5,000 ఫైబర్లతో ఒకేసారి 5,000 వర్ణపటాలు తీస్తుంది. పుణెలోని ఐయూకా అనే ఖగోళశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతో కూడిన బృందం 2017లో సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో సరస్వతి అనే మహా గెలాక్సీ సమూహాన్ని ప్రకటించింది కూడా ఇలాంటి సర్వే డేటాతోనే. ఈ పటాల్లో సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాల ఎడంలో గెలాక్సీ జతలు కాస్త ఎక్కువగా కనబడతాయి. విశ్వం పుట్టిన కొత్తల్లో వేడి ప్లాస్మాలో పాకిన శబ్ద తరంగాలు వదిలిన గుర్తు అది. ఆ కొలబద్దతో విశ్వం ఏ కాలంలో ఎంత వేగంగా విస్తరించిందో చెప్పొచ్చు. ఆ పనిలో దీన్ని మించినది లేదు.

చిక్కల్లా బరువు దగ్గర వస్తుంది. రాత్రిపూట ఉదయగిరి కొండ మీద నుంచి కింద వెలిగే దీపాలు లెక్కపెట్టి జనాభా చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. దీపాలు ఎక్కువున్న చోట జనం ఎక్కువే, కానీ ఎంత ఎక్కువ అన్నది దీపాలు చెప్పవు. విశ్వంలోని పదార్థంలో ఆరింట ఐదు వంతులు వెలగని డార్క్ మ్యాటర్. గెలాక్సీల గుంపుకీ ఆ పదార్థం గుంపుకీ మధ్య నిష్పత్తిని బయాస్ అంటారు. అది గెలాక్సీ రకాన్ని బట్టీ, కాలాన్ని బట్టీ మారుతుంది.

వీక్ లెన్సింగ్‌కి దీపాలతో పని లేదు. వెలిగినా వెలగకపోయినా పదార్థానికి బరువుంటుంది, బరువు పక్కనుంచి వచ్చే కాంతిని వంచుతుంది. సూర్యుడి అంచు దాటే నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగుతుందన్న ఐన్‌స్టీన్ లెక్కను 1919 గ్రహణంలో సరిచూశారు కదా, ఇక్కడా అదే భౌతికశాస్త్రం. వెనకున్న గెలాక్సీ రూపం దాదాపు 1 శాతం సాగి కనబడుతుంది. ఒక్క గెలాక్సీని చూస్తే అది తెలియనే తెలియదు, ఎందుకంటే గెలాక్సీలు పుట్టుకతోనే కోలగా ఉంటాయి. ఆ సహజమైన కోలతనం 0.3 దాకా ఉంటే, మనకు కావలసిన సంకేతం 0.01. సంకేతాన్ని కప్పేసే ఈ సహజ హెచ్చుతగ్గులనే గోల (నాయిస్) అంటాం. సగటు తీసుకుంటే ఆ గోల గెలాక్సీల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. అంటే సంకేతమూ గోలా సమానం కావడానికే 900 గెలాక్సీలు కావాలి. సంకేతం గోలకు పదింతలు కావాలంటే 90,000. అందుకే ఈ ఆలోచన ఎప్పటినుంచో ఉన్నా, విశాల నిర్మాణం వల్ల కలిగే ఈ సాగుడును 2000లో గానీ పట్టుకోలేకపోయారు. ఆ ఏడాది నాలుగు బృందాలు విడివిడిగా పట్టాయి. తర్వాత డార్క్ ఎనర్జీ సర్వే సుమారు 10 కోట్ల గెలాక్సీల రూపాలు కొలిచింది.

ఇందులో టెన్షన్ పెట్టే విషయాలు కూడా దాచకుండా చెప్పాలి. గాలి, అద్దాలు కలిసి ప్రతి బొమ్మనూ ఎంతో కొంత మసకబారుస్తాయి, సాగదీస్తాయి. దాన్ని సరిదిద్దకపోతే టెలిస్కోప్ లోపాన్నే డార్క్ మ్యాటర్ అనుకుంటాం. పక్కపక్క గెలాక్సీలు ఒకే గురుత్వంలో పెరిగి సహజంగానే ఒకే వైపు తిరిగి ఉండొచ్చు. అన్నిటికన్నా పెద్దది దూరం. కోట్ల గెలాక్సీలకు వర్ణపటాలు తీయలేం, రంగులను బట్టి దూరం అంచనా వేస్తారు. చిలీ నుంచి చూసిన కిడ్స్ అనే లెన్సింగ్ సర్వే ఉదాహరణే తీసుకోండి. పదార్థం ఎంతగా గుంపు కట్టిందో చెప్పే ఎస్8 విలువ మొదట 0.76 దగ్గర వచ్చింది. విశ్వం తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్క ప్రకారం 0.83 ఉండాలి. కొత్త భౌతికశాస్త్రం కావాలేమోనని ఏళ్ల తరబడి చర్చ నడిచింది. 2025లో అదే సర్వే మొత్తం డేటాతో, దూరాల అంచనాను మెరుగుపరిచి చేసిన విశ్లేషణలో 0.815 వచ్చి ప్లాంక్‌కి దగ్గరైంది. ఆ దూరాలను సరిచేయడానికి వాడినవి వర్ణపటాలే. లెన్సింగ్ చేసేవాళ్లు రెడ్‌షిఫ్ట్ సర్వేను చిన్నచూపు చూడకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కొత్త టెలిస్కోపుల్లో అంతరిక్షంలోని యూక్లిడ్ మేలా, నేల మీది రూబిన్ మేలా అని కూడా అడుగుతుంటారు. 2023 జులైలో ఎగిరిన యూక్లిడ్ అద్దం 1.2 మీటర్లే, కానీ పైన గాలి లేదు కాబట్టి రూపాలు స్ఫుటంగా వస్తాయి. చిలీలోని రూబిన్‌ది 8.4 మీటర్ల అద్దం, ఆరు రంగుల్లో చూస్తుంది. రూపానికి యూక్లిడ్, రంగులకు రూబిన్.

ఇక ప్రాజెక్టుకి ఏది? విస్తరణ చరిత్ర మీద ఆసక్తి ఉంటే రెడ్‌షిఫ్ట్ డేటా తీసుకోండి, సందేహం వద్దు. పదార్థం ఎక్కడుంది, ఎంతుంది, ఎలా గుంపు కట్టింది అన్నదే మీ ప్రశ్న అయితే నా మొగ్గు వీక్ లెన్సింగ్‌కే. కష్టమైనా సరే, అది అడిగినదాన్నే కొలుస్తుంది. ఉద్యోగం మాటేమిటని ఇంట్లో అడిగితే, పైథాన్, గణాంకాలు ఇంత లోతుగా నేర్చుకున్నవాళ్లకు ఇతర రంగాల్లోనూ పని దొరుకుతుందని చెప్పండి. పై చదువుకు దారి కూడా ఉంది. ఐయూకాలో సుర్హుద్ మోరె లాంటి వాళ్లు జపాన్ సుబారు టెలిస్కోప్ లెన్సింగ్ డేటా మీద పనిచేస్తున్నారు.

మొదలుపెట్టేటప్పుడు విశ్వమంతా నెత్తికెత్తుకోకండి. బరువైన గెలాక్సీ గుంపుల పట్టిక ఒకటి, వెనకటి గెలాక్సీల రూపాల పట్టిక ఒకటి తీసుకోండి. ట్రీకార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గుంపుల చుట్టూ సగటు సాగుడు లెక్కకట్టండి. రూపాలు గుంపును చుట్టుకున్న వలయంలా సాగి, దూరం పెరిగేకొద్దీ ఆ సాగుడు తగ్గాలి. తర్వాత అన్ని రూపాలనూ 45 డిగ్రీలు తిప్పి అదే లెక్క మళ్లీ చేయండి. ఈసారి గురుత్వం వల్ల ఏమీ రాకూడదు, గోల పరిధిలో సున్నా రావాలి. రాకపోతే ఫలితం ఎవరికీ చూపించకుండా, ముందు తప్పు ఎక్కడుందో వెతకండి.