నెల్లూరు స్వర్ణాల చెరువు దారిలో రొట్టెల కొట్టు

మా పాపకి ఉద్యోగం రావాలని పోయిన ఏడాది నెల్లూరు రొట్టెల పండగలో రొట్టె పట్టుకున్నాను. వచ్చింది. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకి రొట్టె ఇవ్వాలి, దాన్నే వదలడం అంటారు. ఈసారి ఆ రొట్టె వదలడానికి ఒంగోలు నుంచి పొద్దున్నే రైలెక్కాను. ఇంట్లో కాల్చుకుని తీసుకెళ్లాల్సింది, ముందురోజు రాత్రే గ్యాస్ అయిపోయింది. చెరువు పక్కనున్న బారాషహీద్ దర్గా దారిలో, వేపచెట్టు కింద నీలం పట్టా కట్టిన కొట్టు దగ్గర ఆగాను. బోర్డు లేదు, ఆ చెట్టే గుర్తు.

గోధుమ రొట్టె, జత ఇరవై రూపాయలు. పల్చగా, మెత్తగా కాల్చి, బెల్లం తురుము వేసి మడిచి ఇస్తారు. చెరువు దగ్గర రెండు గంటలు నిలబడ్డా చిరగలేదు. మోకాలి లోతు నీళ్లలో చేతులు మారే రొట్టెకి అదే ముఖ్యం. అంతకుముందు వేరే చోట కొన్నవి అట్టముక్కల్లా ఉంటే ఆవుకి పెట్టాను.

కాల్చేది ముస్లిం ఆవిడ, పిండి కలిపేది నుదుట ఇంత బొట్టు పెట్టుకున్న ఆవిడ. ఒకే వీధి వాళ్లంట. మిగతా ఏడాదంతా ఇద్దరూ కలిసి పొద్దున పూట ఇడ్లీలు వేస్తారు. సంక్రాంతికి అరిసెల పాకం చూసేది మాత్రం ఆ ముస్లిం ఆవిడేనట, "పాకం ముదరకుండా దించడం నాకు రాదమ్మా, ఆమెకే తెలుసు" అంది రెండో ఆవిడ, పిండి చేతుల్తోనే ఆమె కొంగు సర్ది. ఎన్నాళ్లుగా చేస్తున్నారంటే, "మా చిన్నోడు పుట్టినప్పట్నించి" అన్నారు. వాడిప్పుడు ఇంటర్, చిల్లర చూసుకుంటున్నాడు.

"ఎవరికివ్వాలి అక్కా?" అనడిగాను. "ఉద్యోగం రొట్టె కావాలని ఎవరు చెయ్యి చాపితే వాళ్లకి. పేరూ ఊరూ అడక్కు" అంది. అలాగే చేశాను. బురఖా వేసుకున్న ఒక అమ్మాయి రెండు చేతులూ పట్టింది. రొట్టె అందిస్తుంటే నా తలమీద కొంగు జారింది. నా చేతులు ఖాళీ లేవని చూసి ఆ అమ్మాయే సర్ది, తర్వాత ముక్క తుంచుకుని తింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కొట్టు గురించి రెండు లోపాలు చెప్పాలి. అడక్కుండానే ప్లాస్టిక్ కవర్లో వేస్తారు, గట్టు నిండా అవే. సంచీ తీసుకెళ్లండి. పదకొండు దాటితే బెల్లం అయిపోతుంది. పండగ మొహర్రంలో అయిదు రోజులు, దర్గాకి గంధం తెచ్చే రాత్రి కాలు పెట్టే చోటుండదు. మర్నాడు పొద్దున్నే వెళ్తే విద్య, పెళ్లి, సంతానం, ఇల్లు, ఏ రొట్టె ఎక్కడ ఇస్తున్నారో నిదానంగా వెతుక్కోవచ్చు.

వచ్చేముందు మా ఆయన మోకాళ్ల కోసం ఒక పెద్దాయన దగ్గర ఆరోగ్యం రొట్టె పట్టుకున్నాను. అది వదలడానికి వచ్చినప్పుడు ఇంట్లో గ్యాస్ ఉన్నా సరే, రొట్టెలు ఈ కొట్టులోనే కొంటాను.