సీరియానికి ఏ ఆమ్లం, యూరోపియానికి ఏ లైగాండ్?

ఐరన్ 2+ ద్రావణంలో ఫెర్రోయిన్ అనే సూచిక (ఇండికేటర్) రెండు చుక్కలు వేస్తే ఫ్లాస్క్ ఎర్రబడుతుంది. బ్యూరెట్‌లోంచి సీరిక్ సల్ఫేట్ ఎంత పడుతున్నా ఎరుపు పోదు, పోదు, చివరి చుక్కకి మాత్రం లేత నీలంలోకి దూకేస్తుంది. డిగ్రీలో ఐరన్ ఎస్టిమేషన్ చేసినవాళ్లకి ఈ ఎండ్ పాయింట్ గుర్తుండే ఉంటుంది. ఆ సీరియాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనే ఎందుకు కరిగించారో మాత్రం రికార్డు బుక్కులో ఎవరూ రాయించరు.

ఒక అయాన్ ఎలక్ట్రాన్‌ను ఎంత బలంగా లాక్కుంటుందో చెప్పే కొలత పొటెన్షియల్. సీరియం 4+ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని 3+ అయ్యే పొటెన్షియల్ 1 మోలార్ పెర్క్లోరిక్ ఆమ్లంలో 1.70 వోల్టులు. నైట్రిక్‌లో 1.61, సల్ఫ్యూరిక్‌లో 1.44, హైడ్రోక్లోరిక్‌లో 1.28. లోహం అదే, దాన్ని చుట్టుకునే అయాన్లే వేరు. ఇలా లోహాన్ని చుట్టుకునేవాటినే లైగాండ్లంటారు. పెర్క్లోరేట్ లోహాన్ని దాదాపు అంటుకోదు. సల్ఫేట్ గట్టిగా పట్టుకుంటుంది, అదీ 3+ కన్నా 4+ను, అందుకే పొటెన్షియల్ తగ్గుతుంది. ఎంత ఎక్కువ? గది ఉష్ణోగ్రతలో ప్రతి 0.059 వోల్టుల తేడాకీ పట్టు పది రెట్లు మారుతుంది. 1.70కీ 1.44కీ మధ్య ఉన్న 0.26 వోల్టులంటే దాదాపు 25 వేల రెట్లు.

వోల్టులు ఎక్కువుంటే మేలని ఎమ్మెస్సీలో నేనూ అనుకున్నాను. సీరిక్ అమ్మోనియం నైట్రేట్‌ను పలుచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి సీసాను కిటికీ దగ్గర పెట్టాను. వారం తర్వాత చూస్తే నార్మాలిటీ (ద్రావణం గాఢత) తగ్గింది. తప్పు నాదే. అంత బలమైన ఆక్సీకారిణి వెలుతురులో నీటినే మెల్లగా తినేస్తుంది. సల్ఫ్యూరిక్‌లో చేసిన ద్రావణం నెలల తరబడి కదలదు. పైగా ఐరన్ పొటెన్షియల్ ఆ ఆమ్లంలో 0.68. దానికీ 1.44కీ సగటు 1.06, ఫెర్రోయిన్ పొటెన్షియలూ సరిగ్గా అంతే. ఐరన్‌కి సల్ఫ్యూరిక్కే నా ఓటు. ఆక్సలేట్ అయితే పెర్క్లోరిక్, ఎందుకంటే సల్ఫేట్‌తో వేడి చెయ్యాల్సిన పని అక్కడ గది ఉష్ణోగ్రతలోనే అయిపోతుంది. హైడ్రోక్లోరిక్‌లో స్టాక్ చేసి దాచకండి, క్లోరైడే మెల్లగా క్లోరిన్ అయిపోతుంది.

ఇదే ఎత్తు ఐరన్ మీద వేసింది మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి. గోపాలరావుగారి బృందం. గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లం ఐరన్ 3+ను పట్టేసుకుంటుంది కాబట్టి ఐరన్ 2+ మంచి క్షయకారిణి (ఎలక్ట్రాన్లు ఇచ్చేది) అయిపోతుంది. 1960లలో వాళ్లు దానితో యురేనియాన్ని టైట్రేట్ చేశారు.

సీరియం, యూరోపియం లాంటి లోహాల కుటుంబమైన లాంథనైడ్లలో 4ఎఫ్ ఎలక్ట్రాన్లు లోపల దాగి ఉంటాయి. అందుకని లైగాండ్ పని ముఖ్యంగా ఆవేశం, సైజు లెక్కల మీదే నడుస్తుంది. యూరోపియంలో ఇది బాగా కనబడుతుంది. నీటిలో 3+ నుంచి 2+కి పొటెన్షియల్ మైనస్ 0.35 వోల్టులు. కార్బాక్సిలేట్ గుంపులున్న ఈడీటీఏ అనే లైగాండ్ కలిపితే ఇంకా కిందికి పోతుంది. రుణావేశమున్న కార్బాక్సిలేట్లకు చిన్నదీ, ఆవేశం ఎక్కువున్నదీ అయిన 3+ అంటేనే ఇష్టం మరి. 2+ తయారు చేసినా అది ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడానికే చూస్తుంది. క్రిప్టాండ్ దీనికి తిరగేసిన కథ. 1987లో నోబెల్ అందుకున్న జాన్-మరీ లేన్ చేసిన ఈ పంజరానికి ఆవేశం లేదు, లోపల ఈథర్ ఆక్సిజన్లూ నైట్రోజన్లూ ఉంటాయి. యూరోపియం 2+ వ్యాసార్థం 1.25 ఆంగ్‌స్ట్రామ్‌లు, 3+ది సుమారు 1.07. 2.2.2 క్రిప్టాండ్ పెద్దదానికే సరిపోతుంది, పొటెన్షియల్ పైకి జరుగుతుంది.

ఎమ్మారై స్కాన్‌లో బొమ్మ తేటగా కనబడేలా చేసే కాంట్రాస్ట్ పదార్థం కోసమైతే క్రిప్టాండే. యూరోపియం 2+కి గాడోలినియం 3+ లాగే జతపడని ఎలక్ట్రాన్లు ఏడు. అయినా పంజరంలో ఉన్నా ఆక్సిజన్ తగిలితే 3+ అయిపోయి కాంట్రాస్ట్ పోతుంది. అది లోపమే. కాకపోతే కణజాలంలో ఆక్సిజన్ ఎక్కడ తక్కువుందో చూడాలనుకునేవాళ్లకు అదే పనికొస్తుంది.

సమారియం (ఇదీ లాంథనైడే) డయొడైడ్‌ను క్షయకారిణిగా వాడేవాళ్లకు కావాల్సింది దీనికి వ్యతిరేకం, 2+ ఎంత అస్థిరంగా ఉంటే అంత మంచిది. టీహెచ్ఎఫ్ అనే ద్రావణిలో నీలంగా ఉన్న ద్రావణంలో హెచ్ఎంపీఏ అనే లైగాండ్ వేస్తే ఊదా రంగు వస్తుంది, పొటెన్షియల్ మైనస్ 1.33 నుంచి మైనస్ 2.05కి దిగుతుంది. కానీ హెచ్ఎంపీఏకి క్యాన్సర్ అనుమానం ఉంది. లిథియం బ్రోమైడ్‌తోనూ దాదాపు అంతే దిగుతుంది. కాబట్టి ముందు దాన్నే ప్రయత్నిస్తాను, కుదరకపోతేనే ఫ్యూమ్ హుడ్ ఆన్ చేసి హెచ్ఎంపీఏ సీసా తీస్తాను.