అమీర్‌పేటలో క్యాడ్ 'ఇంటర్నేషనల్ సర్టిఫికెట్' అని డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. మైత్రీవనం దగ్గర పాంప్లెట్లు పంచే బ్యాచే, మెకానికల్ వాళ్లకి చెప్పక్కర్లేదు. సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో మెషీన్ పార్టులు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్) కోర్సు మూడు నెలలు, 'ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్'తో కలిపి 26 వేలు. నాన్న మిర్చి అమ్మిన డబ్బు. క్లాసులు ఏవో అయ్యాయి, వదిలేయండి.

నిన్న జీడిమెట్లలో ఇంటర్వ్యూ. సర్టిఫికెట్‌ని ల్యామినేషన్ చేయించి మరీ పట్టుకెళ్లాను, నా తెలివి అలాంటిది. ఆ సార్ అటూ ఇటూ తిప్పి "ఐడీ ఏదయ్యా?" అన్నారు. రోల్ నంబర్ చూపించాను! "అది కాదు, సీఎస్‌డబ్ల్యూఏ రాశావా?" ఆ పేరు వినడం అదే మొదటిసారి. పాపం ఆయనే ఓపిగ్గా చెప్పారు. సర్టిఫైడ్ సాలిడ్‌వర్క్స్ అసోసియేట్ అని, అది సాలిడ్‌వర్క్స్ వాళ్ల సొంత పరీక్షట. కొలతలిస్తారు, పార్ట్ గీసి, మెటీరియల్ పెట్టి, బరువు ఎన్ని గ్రాములొచ్చిందో టైప్ చేయాలి. ఒక్క రంధ్రం కొలత తప్పినా బరువు తేడా వచ్చేస్తుంది. పాసైతే వచ్చే సర్టిఫికెట్‌కి ఐడీ ఉంటుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. "నీ దగ్గరున్నది క్లాసుకొచ్చావని రాసిచ్చిన కాగితం" అన్నారు.

ఇవాళ పొద్దున్నే వెళ్లి అడిగాను. కౌంటర్ మేడమ్ నా రసీదు లాక్కుని, ఒక లైను కింద పెన్నుతో గీత గీసి చూపించింది. 'సర్టిఫికేషన్ గైడెన్స్'. "గైడెన్స్ అంటే దారి చూపిస్తామని బాబూ. పరీక్ష ఫీజు నువ్వే కట్టుకోవాలి. బీటెక్ చదివావు, రసీదు చదవడం రాదా?"

అంతవరకు తిట్టించుకున్నా సరే అనుకుందాం. నా పక్కనే ఒక పెద్దాయన, కొడుకుని కూర్చోబెట్టి అదే ఫారం నింపిస్తున్నారు. ఆవిడ అదే నోటితో, అటు తిరిగి నవ్వుతూ, "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ సార్, ఫారిన్‌లో కూడా చెల్లుతుంది" అంది. నేను పక్కనే ఉన్నానన్న జంకు కూడా లేదు. ఆయన జేబులోంచి నోట్లు తీసి లెక్కపెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట చెప్పొచ్చుగా? నోరు పెగల్లేదు. మెట్లు దిగాక నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయనకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నా.

చేరేముందు పరీక్ష పేరేంటో అడగండి, దాని ఫీజు కూడా కలిపే ఉందని రసీదు మీద రాయించుకోండి. ఆటోక్యాడ్ (ఇంకో క్యాడ్ సాఫ్ట్‌వేర్) నేర్చుకునేవాళ్లకీ అంతే, సర్టిఫికెట్ మీద 'కంప్లీషన్' అని ఉంటే అది పరీక్ష పాసైనట్టు కాదు.