ఆర్‌ఎన్‌ఏలేటర్: నెల్లూరు ఎండకు తట్టుకుంటుంది, ముక్క పల్చగా కోస్తేనే

పంది గర్భసంచిలో జన్యువుల పని మీద థీసిస్ చేసే పీజీ విద్యార్థులకు మొదట వచ్చే సందేహం ఒకటే. కావలి దగ్గర దొడ్డిలో కోసిన ముక్క తిరుపతి ల్యాబుకు చేరేసరికి అందులో ఆర్‌ఎన్‌ఏ మిగులుతుందా? ముక్కలోని ఆర్‌ఎన్‌ఏ, అంటే ఏ జన్యువు పని చేస్తోందో చూపే అణువు, చెడకుండా కాపాడే ద్రవం ఆర్‌ఎన్‌ఏలేటర్. అందులో వేస్తే మిగులుతుంది. సీసా ఉంది కదా అని కత్తెర దగ్గర అశ్రద్ధ చేస్తే మాత్రం మిగలదు.

ఇంత జాగ్రత్త ఎందుకో ముందు చెప్పుకోవాలి. పంది చూలు 114 రోజులు. అది నిలుస్తుందా లేదా అన్నది తేలేది 11, 12 రోజుల్లోనే. అప్పటిదాకా గుండ్రంగా ఉన్న పిండాలు కొన్ని గంటల్లో దారాల్లా సాగిపోతాయి, ఈస్ట్రోజన్ వదులుతాయి. ఆ కబురు అందగానే, గర్భసంచి లోపలి పొర తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా (కార్పస్ లూటియాన్ని చంపే పదార్థం) రక్తంలోకి పోవడం మానేసి గర్భసంచి కుహరంలోకి మళ్లుతుంది. అండాశయం మీది ఆ కార్పస్ లూటియం అనే గ్రంథి బతికిపోతుంది, అది వదిలే, చూలు నిలిపే హార్మోను ప్రొజెస్టిరోన్ నిలబడుతుంది. ఈ వివరణను శాస్త్రవేత్తలు బేజర్, థాచర్ 1977లో ప్రతిపాదించారు. ఆవులో, గొర్రెలో ఈ కబురు మోసేది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్. ఆవుల మీద పని చేసి పందికి మారినవాళ్లు ఇక్కడే పొరబడతారు. పంది పిండం కూడా ఇంటర్‌ఫెరాన్ గామా, డెల్టా వదులుతుంది గానీ చూలు గుర్తింపు కబురు వాటిది కాదు.

ఏ జన్యువు ఏ పొరలో మేలుకుంటుందన్నది ఇంకా ముఖ్యం. ఎస్‌పీపీ1, అంటే ఆస్టియోపాంటిన్ ప్రోటీన్ జన్యువు, ఈస్ట్రోజన్ ప్రభావంతో ఆ లోపలి పొరకు కుహరం వైపున్న పైపొర కణాల్లో, అదీ పిండం ఆనుకున్న చోట మొదలవుతుంది. స్టాట్1 అనే ఇంకో జన్యువు 12వ రోజుకు పైపొరలో కనిపిస్తుంది. 15వ రోజుకల్లా ఇంటర్‌ఫెరాన్ల వల్ల దాని కింద ఆసరాగా ఉండే కణజాలంలో, అంటే స్ట్రోమాలో, పెరుగుతుంది. పైపొర అంటే ఒక్క వరస కణాలు. ముక్కతో పాటు అడుగున కండ కూడా వచ్చిందంటే ఆ ఒక్క వరస చెప్పే సంగతి కండ ఆర్‌ఎన్‌ఏలో కలిసి పల్చబడిపోతుంది. ఈ తప్పును ఏ సీసా దిద్దలేదు.

ఇక సరుకు సంగతి. ఆర్‌ఎన్‌ఏలేటర్ రంగులేని చిక్కటి ఉప్పు ద్రవం, ప్రధానంగా అమ్మోనియం సల్ఫేట్. కణంలోకి ఇంకి ప్రోటీన్లను ముద్దగా చేసేస్తుంది, దాంతో ఆర్‌ఎన్‌ఏను కొరికే ఆర్‌ఎన్‌ఏజ్‌లు పని చేయలేవు. 37 డిగ్రీల్లో ఒక రోజు, 25 డిగ్రీల్లో ఒక వారం, 4 డిగ్రీల్లో ఒక నెల, మైనస్ 20లో ఎంతకాలమైనా ముక్క భద్రమని తయారీదారు మాట. మైనస్ 20లో ఈ ద్రవం గడ్డకట్టదు కాబట్టి ముక్కను తీసి, కొంచెం కోసుకుని, మళ్లీ లోపల పెట్టుకోవచ్చు. ఒకే నమూనాను మూడు నాలుగు పనులకు పంచుకునేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం.

ఆ లెక్కలో పై అంకె 37 అని మరవొద్దు. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు రెండూ 44 డిగ్రీలు చూస్తాయి, మూసిన కారు డిక్కీలో ఇంకా ఎక్కువే. కాబట్టి ఐసు పెట్టె తప్పనిసరి. మన దగ్గర రొయ్యల వ్యాపారం పుణ్యమా అని థర్మకోల్ పెట్టెలకూ ఐసుకూ కొదవ లేదు. ట్యూబులను జిప్ కవరులో వేసి ఐసు మధ్య పెడితే నెల్లూరు నుంచి తిరుపతి సుమారు 130 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి దాదాపు రెట్టింపు దూరం నిశ్చింతగా వెళ్లొచ్చు.

వాడే పద్ధతి చెబుతాం, ఎందుకంటే ఈ సరుకు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు పద్ధతి తప్పడం వల్లే వస్తాయి. ఎద మొదలైన రోజును సున్నాగా రాసుకోవాలి. తేదీ లేని పంది గర్భసంచి కబేళాలో ఎంత చవగ్గా దొరికినా ఈ పనికి రాదు. గర్భసంచి చేతికి రాగానే ఒక్కో కొమ్ములోకి 20 మిల్లీలీటర్ల చల్లని పీబీఎస్ (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) ఎక్కించి రెండో చివర పెట్రీ డిష్‌లోకి వదలాలి. 12వ రోజు చూలైతే తడిసిన పత్తి పోగుల్లాంటి తెల్లటి దారాలు ఒకదానికొకటి చుట్టుకుని బయటికి వస్తాయి. అవి కనబడితేనే ట్యూబు మీద చూడి అని రాయండి. తర్వాత రక్తనాళాలు వచ్చే అంచుకు ఎదురు వైపున కొమ్మును నిలువునా చీల్చి, వంపు కత్తెరతో ముడతలు ముడతలుగా ఉన్న గులాబీ రంగు పొరను మాత్రం కండ మీద నుంచి లేపి కోయాలి. రక్తం, జిగురు ఉంటే పీబీఎస్‌లో ఒక్కసారి ముంచి తీయండి చాలు.

ఇప్పుడు అసలు విషయం. ముక్క పొడవు, వెడల్పు, మందాల్లో కనీసం ఒకటి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. మేమైతే 3 మిల్లీమీటర్లే అంటాం. ద్రవం అంచుల నుంచి లోపలికి మెల్లగా ఇంకుతుంది. అది చేరేదాకా నడి మధ్యలోని కణాలు బతికే ఉంటాయి, ప్రాణవాయువు అందక అల్లాడుతూ ఫాస్ లాంటి ఒత్తిడి జన్యువులను లేపుతాయి. బొటనవేలంత ముక్కను ట్యూబులో కుక్కితే వచ్చే ఫలితం చూలుది కాదు, కోత తర్వాతి ఉక్కిరిబిక్కిరిది. గ్రాఫు మాత్రం చక్కగానే వస్తుంది, అదే భయం.

5 × 5 × 3 మిల్లీమీటర్ల ముక్క సుమారు 75 మిల్లీగ్రాములు తూగుతుంది. కనీసం ఐదు రెట్లు ద్రవం అంటే 0.4 మిల్లీలీటర్ సరిపోతుంది గానీ, 2 మిల్లీలీటర్ల ట్యూబులో 1 మిల్లీలీటర్ పోసుకోండి. ద్రవం బరువైనది కాబట్టి ముక్క మొదట తేలుతుంది, ఇంకే కొద్దీ కిందికి దిగుతుంది. తేలినంత సేపు పైభాగం ఆరిపోకుండా ట్యూబును పడుకోబెట్టండి. గర్భసంచి బయటికి వచ్చిన పావుగంటలో చివరి ముక్క ద్రవంలో పడాలి. ఆ రాత్రి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు మైనస్ 20కి మార్చాలి. మైనస్ 80కి అయితే ద్రవం వంచేసి ముక్కను మాత్రం పెట్టండి. తొందరపడి నేరుగా డీప్ ఫ్రీజర్‌లో పడేస్తే ద్రవం ఇంకకముందే ముక్క గడ్డకడుతుంది.

ల్యాబులో ఎదురయ్యే ఇబ్బందులు రెండు. ఉప్పులో నానిన ముక్క రబ్బరులా గట్టిపడుతుంది, చేతి గ్రైండరుకు లొంగదు, పూసలతో నలిపే యంత్రం కావాలి. రెండోది, ముక్కకు అంటిన ద్రవాన్ని అద్దకపోతే, ఆర్‌ఎన్‌ఏను బయటికి తీసే ద్రావణమైన ట్రైజాల్‌లో క్లోరోఫామ్ వేశాక పొరలు తారుమారవుతాయి. టిష్యూ కాగితం మీద అద్ది, 50 నుంచి 100 మిల్లీగ్రాములకు 1 మిల్లీలీటర్ ట్రైజాల్ వేయండి. ఆ ట్రైజాల్ వ్యర్థంలో బ్లీచింగ్ ద్రావణం పోయొద్దు, విషవాయువు వస్తుంది. చివర్లో ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో పదికి వేసే మార్కు) 8 పైన ఉంటే నిశ్చింతగా సీక్వెన్సింగ్‌కు పంపొచ్చు.

చలువ గదిలో ఉంచిన సీసా అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తే పారేయకండి. అది ఉప్పే, 37 డిగ్రీల నీళ్లలో పెట్టి కదిపితే కరుగుతుంది. అసలు సీసాను గది వేడిలోనే ఉంచుకోవాలి.

ఖరీదు భారమనుకునేవాళ్లు సొంతంగా కలుపుకోవచ్చు. 935 మిల్లీలీటర్ల శుద్ధ జలంలో 0.5 మోలార్ ఈడీటీఏ 40 మిల్లీలీటర్లు, 1 మోలార్ సోడియం సిట్రేట్ 25 మిల్లీలీటర్లు, అమ్మోనియం సల్ఫేట్ 700 గ్రాములు వేసి, సన్నటి సెగ మీద కలియదిప్పి, చల్లారాక సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 5.2కి తేవాలి. శ్రద్ధగా కలిపితే ఇది పేరున్న సీసాకు తీసిపోదు. అయితే ఒక థీసిస్ మొత్తానికి ఒకే ద్రవం వాడాలి, సగం ఇదీ సగం అదీ వద్దు.

ద్రవ నైట్రోజన్ దీనికంటే మేలు కదా అంటే, దొడ్డి పక్కనే క్యాన్ ఉంటే మేలే. ముక్క క్షణంలో గడ్డకడుతుంది, ఇంకే దాకా ఆగే పనే లేదు. కానీ ఊరి పశువైద్యశాలలోని క్యాన్ గిత్తల వీర్యం కోసం పెట్టింది, దాన్ని అడగడం సబబు కాదు. ప్రోటీన్ పనితీరు చూడాలన్నా, యుటెరోఫెరిన్ లాంటి ఎంజైము చురుకుదనం కొలవాలన్నా ఆర్‌ఎన్‌ఏలేటర్ ముక్క పనికిరాదు, అప్పుడు నైట్రోజన్ తెచ్చుకోక తప్పదు. ఎస్‌పీపీ1 ఏ పొరలో ఉందో సూక్ష్మదర్శినిలో చూడాలంటే పక్కనే ఇంకో ముక్కను కణాల ఆకృతి చెదరకుండా నిలిపే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో వేసుకోండి. ఈ రెండో ముక్క లేకుండా రాసిన థీసిస్ మాకు సగం పనిగానే కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఈ ద్రవం వైరస్‌లను చంపుతుందని నమ్మొద్దు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఒక దొడ్డిలో వాడిన కత్తెర, బూట్లు, ఐసు పెట్టె కడగకుండా ఇంకో దొడ్డిలోకి తీసుకెళ్లడం రైతుకు చేసే ద్రోహమే.

కొనేది 100 మిల్లీలీటర్లా, 500 మిల్లీలీటర్లా? చూలు లేని 12వ రోజు, చూలుతో 12వ రోజు, చూలుతో 15వ రోజు, ఇలా మూడు గుంపులు, గుంపుకు ఆరు పందులు, ఒక్కో పందికి ఆరు ముక్కలు అనుకుంటే 108 ట్యూబులు. ట్యూబుకు 1 మిల్లీలీటర్ చొప్పున చిన్న సీసా చివరి ఎనిమిది ట్యూబులకు చాలదు. పెద్ద సీసా తీసుకుని, ముందురోజే ల్యాబులో ట్యూబులకు పోసి, మూతలు బిగించి దొడ్డికి తీసుకెళ్లండి.