బెజవాడ ఎండలో, వానలో పైలట్ స్పోర్ట్ 4 టైర్లు: మూడేళ్ల వాడకం తర్వాత

స్పోర్ట్స్ కారుకు టైర్లు ఎంచుకునేవారు మొదట అడిగేది పొడి రోడ్డు మీద పట్టు గురించే. విజయవాడ, గుంటూరు మధ్య తిరిగేవారికి అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. పేరున్న సంస్థ చేసిన ఏ పెర్ఫార్మెన్స్ టైరైనా మన ఎండలో, పొడి తారు మీద, మనం వాడుకోగలిగినంత కంటే ఎక్కువ పట్టే ఇస్తుంది. అసలు తేడా తేలేది జూన్‌లో మొదలై అక్టోబరు దాకా సాగే వానల్లో. నేను పెట్టిన డబ్బుకు ప్రతిఫలం కనిపించింది ఆ నెలల్లోనే.

నా కారు పాత ఆడి టీటీ. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, క్వాట్రో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే రకం. ముందూ వెనకా ఒకే సైజు: 245/40 ఆర్18. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర కొన్నప్పుడు దానికి మామూలు టూరింగ్ టైర్లు ఉన్నాయి. అవి అరిగాక మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వేయించాను. ఇప్పటికి 30,000 కిలోమీటర్ల దరిదాపు తిరిగాయి. ఎక్కువ భాగం పటమట నుంచి వారధి, మంగళగిరి, కాజ టోల్ ప్లాజా మీదుగా గుంటూరు. మిగిలింది బెజవాడ వీధులు, అప్పుడప్పుడు ఒంగోలు, నెల్లూరు వైపు ప్రయాణాలు.

వేసవి టైర్లు, చలికాలపు టైర్లు అనే విభజన ఐరోపా వాతావరణానిది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. భోగి మంటలు వేసే తెల్లవారుజామున కూడా మనకు అంత చలి ఉండదు కాబట్టి ఆ చర్చతో పని లేదు. మనం తేల్చుకోవాల్సింది రబ్బరు ఎంత మెత్తగా ఉండాలన్నదే. ట్రాక్ మీద తిరగడానికి చేసిన సెమీ స్లిక్ టైర్లకు గాడులు తక్కువ. బాగా వేడెక్కితే గానీ పట్టు రాదు, వానలో నీటిని బయటికి నెట్టలేవు. వాటిని రోజూ తిరిగే కారుకు వేయడం నా దృష్టిలో సోకు తప్ప మరేమీ కాదు. టూరింగ్ టైర్లు ఎక్కువ కాలం మన్నుతాయి, మెత్తగా నడుస్తాయి, కానీ తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు వాటి పరిమితి తెలుస్తుంది. ఈ రెంటికీ మధ్యలో ఉండే తరగతే మనకు కావాల్సింది. పైలట్ స్పోర్ట్ 4 కాక కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా వరుసలను కూడా చూశాను. మిషెలిన్‌లోనే ఇంకా పదునైన 4ఎస్ ఉంది గానీ అది ప్రధానంగా 19 అంగుళాలు, ఆపై రిమ్ములను దృష్టిలో పెట్టుకుని వచ్చిన టైరు.

వాన సంగతికి వస్తాను. మొదటి వాన పడే రోజు అన్నిటికంటే చెడ్డది. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, అరిగిన రబ్బరు పొడి నీటితో కలిసి జారుడు పూతలా తయారవుతాయి. ఇంద్రకీలాద్రి కింద నదిని ఆనుకుని వంపు తిరిగే కనకదుర్గ ఫ్లైఓవర్ మీద పాత టూరింగ్ టైర్లతో ఆ రోజుల్లో స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయిన అనుభవం ఉంది. అంటే ముందు టైర్లు రోడ్డును వదిలేస్తున్నాయన్న మాట. ఈ టైర్లతో అదే వంపులో, అదే వేగంలో స్టీరింగ్ బరువు చేతికి తెలుస్తూనే ఉంటుంది. పట్టు తగ్గేటప్పుడు కూడా ముందు చెప్పి తగ్గుతుంది, ఉన్నట్టుండి వదిలేయదు. ఎంత పట్టు ఉందన్నది ఒక ఎత్తు, ఆ పట్టు ఎప్పుడు అయిపోతుందో డ్రైవరుకు ముందే తెలియడం మరో ఎత్తు. నేను ఎక్కువ విలువ ఇచ్చేది రెండోదానికి.

మంగళగిరి దాటాక ఎడమ లేన్లలో నీళ్లు నిలిచే చోట్లు నాకు కంఠతా వచ్చు. కొత్త టైరుకు గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం ప్రకారం అరుగుదల గుర్తు ఉండేది 1.6 దగ్గర. కానీ నీటి విషయంలో టైరు అంతవరకు ఆగదు. 4 మిల్లీమీటర్ల దాకా ఈ టైర్లు నిలిచిన నీటిని కోసుకుంటూ వెళ్లాయి. 3 దగ్గరికి వచ్చాక, పోయిన వర్షాకాలం చివర్లో, 80 దాటితే కారు నీటి మీద తేలుతున్న భావన మొదలైంది. పొడి రోడ్డు మీద మాత్రం ఇప్పటికీ కొత్తవాటిలాగే పట్టుకుంటాయి. అరిగిన టైరు చేసే మోసం ఇదే. ఎండ రోజుల్లో అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక కోతల కాలంలో సర్వీసు రోడ్ల మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు కదా. గింజల మీద ఏ టైరూ పట్టదు, లక్ష పెట్టి కొన్నదైనా సరే. అక్కడ పనిచేసేది బ్రేకు మీద తేలికైన పాదం ఒక్కటే.

ఎండ గురించి మన ఊళ్లలో ఒక మొండి నమ్మకం ఉంది. ఏప్రిల్ రాగానే గాలి కొట్టే కుర్రాడు, "ఎండలు కదండీ, రెండు పాయింట్లు తగ్గించి పెడతాను" అంటాడు. పాయింటు అంటే గాలి ఒత్తిడి కొలత, పీఎస్ఐ. గాలి వేడెక్కి టైరు పేలుతుందని అతని భయం. జరిగేది దానికి తలకిందులు. గాలి తగ్గితే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగడం వల్లే లోపల వేడి పుడుతుంది. ఆ వేడికే పొరలు విడిపోయి టైరు పేలుతుంది. హైవే పక్కన పడి ఉండే లారీ టైరు తొక్కల్లో తక్కువ గాలితో ఎక్కువ బరువు మోసినవీ ఉంటాయి. లోపలి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి ఒక పాయింటు పెరుగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు 35 ఉంచితే, మే నెల మధ్యాహ్నం గుంటూరు చేరేసరికి 40 చూపిస్తుంది. అది చూసి కంగారుపడి గాలి తీసేయకూడదు. కారు తయారీదారులు ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే చల్లని కొలత చెబుతారు. కాబట్టి కొలవాల్సింది కారు కదలకముందు, సెల్లార్‌లో, సొంత గేజీతో. బంకుల్లో గేజీలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం నేను అరుదుగా చూశాను. నైట్రోజన్ గురించి అడుగుతుంటారు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది, మిగతా 22 శాతం కోసం నేను డబ్బు ఇవ్వను.

టైరు మీద 97వై అని ఉంటుంది. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోయగలదని, వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. "మూడు వందల్లో ఎవరు పోతారండీ, తక్కువ రేటింగ్‌ది చవకగా వస్తుంది" అని ఒక దుకాణంలో నచ్చజెప్పారు. ఆ అక్షరాన్ని వేగానికి అనుమతిగా కాక, వేడిని తట్టుకునే శక్తికి కొలమానంగా చదవాలి. నడి ఎండలో సలసల కాగే తారు మీద నూరు కిలోమీటర్ల వేగంతో గంటసేపు సాగే ప్రయాణానికి ఆ వెసులుబాటు అవసరమే. టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకెకు మాత్రం నేను అంత విలువ ఇవ్వను. అమెరికాలో టెక్సాస్ రోడ్ల మీద దాదాపు 11,500 కిలోమీటర్లు నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, ఆ అంకెను ప్రకటించేది తయారీ సంస్థలే. ఒకే సంస్థ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది. ఒక సంస్థ 320ని మరో సంస్థ 400తో పోల్చి నిర్ణయం తీసుకోవడం దండగ.

40 ప్రొఫైల్‌కు మన వీధులు సరిపడవు, ఇందులో దాపరికం లేదు. 245/40 అంటే టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 40 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు. గుంత అంచుకు టైరు తగిలినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య రబ్బరు నలిగి, లోపలి దారాలు తెగి, బయటికి ఉబ్బు వస్తుంది. సింగ్‌నగర్ వైపు నీళ్ల కింద కనిపించని ఒక గుంతలో నా ఎడమ ముందు టైరుకు అదే జరిగింది. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, మార్చడమే. క్వాట్రోలో నాలుగు టైర్ల అరుగుదల దగ్గరదగ్గరగా ఉండాలి, లేకపోతే ముందు వెనక చక్రాల వేగంలో తేడా వచ్చి, ఆ రెంటినీ కలిపే క్లచ్ మీద భారం పడుతుంది. నిజానికి నాలుగూ మార్చాలి గానీ, కనీసం ముందు జతైనా సమానంగా ఉండాలని రెండు కొన్నాను. బడ్జెట్ వేసుకునేవారు ఈ ఖర్చు కూడా కలుపుకోవాలి. 17 అంగుళాల రిమ్ములకు దిగి 245/45 వేసుకుంటే చక్రం మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది, సైడ్‌వాల్ మాత్రం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బ్రేకులకు ఆ రిమ్ము సరిపోయే కారైతే అది తెలివైన పని. చూడటానికి అంత బాగుండదని నేను దిగలేదు.

సుఖం గురించి మా నాన్నగారు ఒక్కసారి ఎక్కి, "రోడ్డు మీద ఎవరైనా అక్షరాలు రాస్తే ఇందులో కూర్చుని చదవచ్చు" అన్నారు. వెడల్పాటి పెర్ఫార్మెన్స్ టైర్లన్నిటికీ ఉండే హోరు కూడా ఉంది. మంచి తారు మీద తెలియదు. అద్దంకి దగ్గర కొరిశపాడులో, హైవే మీద యుద్ధ విమానాలు అత్యవసరంగా దిగడానికి కట్టిన కాంక్రీటు రన్‌వే మీదికి వచ్చేసరికి పాటల ధ్వని పెంచక తప్పదు. అది దాటగానే మళ్లీ నిశ్శబ్దం.

కొనేటప్పటి తంటాలు వేరు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. అప్పటి నుంచి ఇలాంటి సైజులు దొరకడానికి వేచి ఉండాల్సి వస్తోంది. ఐఎస్ఐ గుర్తు లేని దిగుమతి టైరు ఎంత చవకగా ఇస్తానన్నా వద్దు. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) కోడ్‌లో ఆఖరి నాలుగు అంకెలు చూడాలి: 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. అరుదైన సైజులు రేకుల కప్పు గోదాముల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. వేడి రబ్బరును వాడకుండానే ముసలిదాన్ని చేస్తుంది. ధర విషయంలో ఒక మంచి మార్పు, 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

వేయించడం ఆటోనగర్‌లో. అక్కడ పనితనానికి కొదవ లేదు, అయితే లారీ చక్రాలకు అలవాటుపడిన చేతులకు అల్లాయ్ రిమ్ములు కొంచెం లోకువ. టైరు విప్పే యంత్రానికి, రిమ్ముకు దెబ్బ తగలకుండా టైరును నొక్కి పట్టే అదనపు చేయి ఉందో లేదో చూసి దుకాణం ఎంచుకోవాలి. బోల్టులను గాలి గన్నుతో ఆఖరిదాకా బిగించనివ్వకుండా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానాతో 120 న్యూటన్ మీటర్లకు పక్కన నిలబడి బిగించేలా చూసుకోవాలి. టైరు మీద బయటివైపు అని రాసి ఉన్న పక్క బయటికే రావాలి, లోపలి గాడులు, బయటి గాడులు వేర్వేరు పనులకు చేసినవి. అలైన్‌మెంట్ తప్పితే ఈ రబ్బరు లోపలి అంచు నుంచి అరుగుతుంది. పైకి చూస్తే తెలియదు, చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూడాలి.

ఇప్పుడు గాడులు 3 మిల్లీమీటర్లకు వచ్చాయి కాబట్టి తొలకరిలోపు మార్చేస్తాను. మళ్లీ అదే తరగతి. 2022లో వచ్చిన పైలట్ స్పోర్ట్ 5 ఈ సైజులో దొరికితే అది, దొరకకపోతే మళ్లీ 4. ఒక దుకాణదారుడు స్టాకు ఉందన్నాడు. డబ్బు పంపేముందు నాలుగు టైర్ల తయారీ వారం కనిపించేలా ఫొటోలు పంపమన్నాను. మూడు వచ్చాయి. నాలుగోది వచ్చేదాకా బేరం మొదలుపెట్టనని చెప్పాను.