కమాన్ పట్టీకి షాట్ పీనింగ్: ఆరేళ్లు వాడాక నా మాట

మాది ఆరు టైర్ల టిప్పర్, కంకర తోలుతాం. క్వారీ లోపల 3 కిలోమీటర్లు గుంతలే తప్ప రోడ్డు లేదు. వెనక కమాన్ కట్టలో, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో, మెయిన్ పట్టీ ఏడెనిమిది నెలలకోసారి విరిగేది. విరిగిందంటే ఆ రోజు ట్రిప్పులు పోయినట్టే, పైన మేస్త్రీ కూలి, కొత్త యూ బోల్టులు. విసుగొచ్చి 2018లో షాట్ పీనింగ్ చేసిన, అంటే సన్నటి ఉక్కు గుండ్లతో కొట్టిన పట్టీలు వేయించాను. పట్టీకి ఐదారు వందలు ఎక్కువైంది. "గుండ్లతో కొడితే ఇనుము గట్టిపడుద్దా బాబాయ్, సొట్టలు పడి ఇంకా తొందరగా పోద్ది" అని మా మేస్త్రీ నవ్వాడు.

అతని అనుమానంలో తప్పులేదు, నాకూ అలాగే అనిపించింది. తర్వాత స్ప్రింగుల ఫ్యాక్టరీలో పనిచేసే మా బంధువు విడమరిచి చెప్పాడు. పట్టీ ఊగిన ప్రతిసారీ పై ముఖం సాగుతుంది, పగులు ఎక్కువగా అక్కడే పుడుతుంది. ఉప్మా రవ్వంత గుండ్రటి ఉక్కు గుండ్లతో ఆ ముఖాన్ని వేగంగా కొడితే, పై పొర పక్కలకు జరగాలని చూస్తుంది, కింది లోహం జరగనివ్వదు. దాంతో పై పొర ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో నిలబడ్డ మనిషిలాగా. పగులు నోరు తెరవాలంటే ముందు ఆ నొక్కుడును గెలవాలి. ఇంతా చేస్తే ఆ పొర మందం మామూలుగా అర మిల్లీమీటరు కూడా ఉండదు.

కొనేటప్పుడు అసలు మోసం ఇక్కడే. తుప్పు, పొక్కు వదలడానికి చేసే షాట్ బ్లాస్టింగ్‌కు కూడా పట్టీ గరుకుగానే కనిపిస్తుంది. దాన్నే పీనింగ్ అని అంటగట్టే దుకాణాలున్నాయి, నేనూ ఒకసారి మోసపోయాను. నిజమైన పీనింగ్‌కు కొలత ఉంటుంది. 1940ల్లో జనరల్ మోటార్స్‌లో జాన్ ఆల్మెన్ అనే ఆయన తెచ్చిన పద్ధతి అది. 76 మిల్లీమీటర్ల పొడవు, 19 వెడల్పున్న చిన్న ఉక్కు పట్టీని దిమ్మకు బిగించి, ఒక వైపే గుండ్లు కొట్టి, స్క్రూలు విప్పుతారు. వేడి పెనం మీద అప్పడంలా వంగి లేస్తుంది. ఎంత లేచిందో కొలిచి దెబ్బ ఎంత గట్టిదో చెబుతారు. ఆల్మెన్ రీడింగ్ ఎంత అని అడిగితే దుకాణంవాడు తెల్లమొహం వేశాడా, అది వదిలేయండి.

ఇక నా లెక్క. కుడి మెయిన్ పట్టీ నాలుగేళ్లు విరగలేదు. చివరికి వంపు పోయి కిందికి వాలిపోతే మార్చాను. వాలడం ఓవర్‌లోడ్ పాపం, దానికి పీనింగ్ మందు కాదు. ఎడమది 31 నెలలకే విరిగింది. కోపంతో విరిగిన ముక్కను ఎండలో పెట్టి చూశాను. పై అంచున కందిగింజంత వెల్డింగ్ చుక్క, నల్లగా. దాని చుట్టూ ఆల్చిప్ప మీద ఉండేలాంటి గీతలు, ఒకదాని బయట ఒకటి. అంతవరకు ముఖం నునుపుగా, మసకగా ఉంది. మిగతా సగం విరిచిన పటికబెల్లంలా గరుకుగా మెరుస్తోంది. అంటే పగులు ఎన్నాళ్లుగానో మెల్లగా పాకి, మిగిలిన సగం ఒక్క గుంతలో తెగిందన్నమాట. అంతకుముందు సంవత్సరం ఛాసిస్ బ్రాకెట్ అతికించినప్పుడు వెల్డింగ్ హోల్డర్ పట్టీకి తగిలిందని మేస్త్రీయే ఒప్పుకున్నాడు.

కొలిమి సంగతి కూడా అంతే. వాలిన పట్టీని ఎర్రగా కాల్చి మళ్లీ వంపు ఎక్కించారంటే పీనింగ్ డబ్బులు బూడిదే, ఆ నొక్కుడు వేడికి వదిలిపోతుంది. గ్రైండర్ పెట్టి నునుపు చేసినా అంతే, ఉన్నదే పల్చటి పొర. తుప్పు గుంటలు పడకుండా వానాకాలం ముందు కడిగి పెయింట్ వేయించడం నాకు అలవాటైంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. పాత పట్టీల మీద పోసిన కూలి, పోయిన ట్రిప్పులు లెక్కేస్తే పెట్టిన అదనం మొదటి ఏడాదే వచ్చేసింది. మంచి తారు రోడ్డు మీద, పర్మిట్ బరువుతో తిరిగే బండికి ఇంత తేడా తెలియకపోవచ్చు.

ఇప్పుడు రెండో జత నడుస్తోంది. టిప్పర్‌కు ఏ వెల్డింగ్ పని పడినా కమాన్ కట్టల మీద తడి గోనెపట్టా కప్పి, ఎర్త్ క్లాంప్ పట్టీకి దూరంగా తగిలించాకే మేస్త్రీ హోల్డర్ పట్టుకుంటున్నాడు.